కవర్లు పరిచిన మైదానం: ఒక వాన చిత్రం కూర్పుపై పరిశీలన

2017 అక్టోబరు 13న హైదరాబాదు ఉప్పల్ స్టేడియంలో భారత్, ఆస్ట్రేలియా జట్ల మధ్య జరగాల్సిన మూడో టీ20 మ్యాచ్ ఒక్క బంతి కూడా పడకుండానే రద్దయింది. సిరీస్ అప్పటికి 1-1తో సమంగా ఉంది కాబట్టి ఫలితం తేలాల్సిన మ్యాచ్ అదే. ఔట్‌ఫీల్డ్ (పిచ్ చుట్టూ ఉండే మైదానం) తడి ఆరకపోవడం రద్దుకు కారణం. 2024 మే 16న అదే మైదానంలో సన్‌రైజర్స్ హైదరాబాద్, గుజరాత్ టైటన్స్ ఐపీఎల్ మ్యాచ్ కూడా వాన వల్ల మొదలు కాకుండానే పోయింది. దానితో దక్కిన ఒక్క పాయింటు సన్‌రైజర్స్‌ను ప్లేఆఫ్స్‌కు చేర్చింది. 2025 మే 5న ఢిల్లీ క్యాపిటల్స్ 7 వికెట్లకు 133 పరుగులు చేసి ఇన్నింగ్స్ ముగించాక వాన ఆటను ఆపేసింది. ఈసారి అదే ఒక్క పాయింటు సన్‌రైజర్స్ ప్లేఆఫ్స్ ఆశలను ముగించింది. ఒకే మైదానంలో, ఒకే జట్టుకు, ఒక ఏడాది వరమైన వాన మరుసటి ఏడాది శాపమైంది.

అలాంటి సాయంత్రాల్లో గ్యాలరీల నుంచి ఫోన్లతో తీసిన చిత్రాలు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిని పక్కపక్కన పెడితే, తేదీ చూడకుండా ఏది ఏ రోజుదో చెప్పడం కష్టం. బూడిదరంగు ఆకాశం, రెండో మూడో ఫ్లడ్‌లైట్ స్తంభాలు, మధ్యలో పిచ్ తడవకుండా పరిచిన కవర్లు, అంచున ఎవరివో భుజాలు. వరమైన వాన, శాపమైన వాన ఈ చిత్రాల్లో ఒకేలా కనిపిస్తాయి. ఇది ఫోను లోపం కాదు, వెలుతురు లోపం అంతకన్నా కాదు. ఎక్కువ భాగం కూర్పు లోపం. ఏది లోపలికి రావాలి, ఏది బయట ఉండాలి, లోపలికి వచ్చిన వాటిలో ఏది ముందు కనిపించాలి అన్న నిర్ణయాలనే ఇక్కడ కూర్పు అంటున్నాం. ఆ నిర్ణయాలు జరగనిచోట వాటి బదులు అలవాటు పనిచేస్తుంది, అలవాటు అందరికీ ఒకటే కాబట్టి చిత్రాలూ ఒకటే అవుతాయి.

పరిశీలనకు అలాంటి ఒక మామూలు చిత్రాన్ని ముందు పెట్టుకుందాం. ఉప్పల్ పై అంతస్తు గ్యాలరీలో, బౌండరీకి ఎదురుగా కాస్త పక్కకు కూర్చున్న ప్రేక్షకుడు ఫోనును అడ్డంగా పట్టుకుని తీశాడు. ఎదుటి స్టాండ్ పైకప్పు అంచు ఫ్రేమును సరిగ్గా మధ్యకు కోస్తోంది. పై సగమంతా ఆకాశం, అందులో రెండు ఫ్లడ్‌లైట్ స్తంభాలు. ఎడమ స్తంభం ఫ్రేము అంచుకు తగిలి సగం తెగిపోయింది. కింది సగంలో మైదానం, దాని నడుమ లేత రంగు కవర్లు, వాటి మీద చీమల్లా ముగ్గురు గ్రౌండ్ సిబ్బంది. కుడి మూల కవరు మీద నిలిచిన నీళ్లలో ఒక ఫ్లడ్‌లైట్ ప్రతిబింబం మెరుస్తోంది, అయితే అదీ అంచుకు తెగింది. అడుగున ముందువరస ప్రేక్షకుల తలలు, ఎవరో పైకెత్తిన ఫోను, ఒక పసుపుపచ్చ గొడుగు అంచు. చిత్రం మొత్తం ఎడమవైపుకు కొద్దిగా వాలి ఉంది. వాన పడుతున్న సంగతి తీసినవాడు చెబితే తప్ప తెలియదు.

విమర్శ ఎక్కడ మొదలుపెట్టాలి? వాలు సరిచేయమని చెప్పడం అన్నిటికన్నా సులువు. చాలామంది అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. కానీ తెలుగు సాహిత్య విమర్శ ఎప్పటినుంచో వాడుతున్న రెండు మాటలు ఇక్కడ బాగా పనికొస్తాయి: వస్తువు (చెప్పే విషయం), శిల్పం (చెప్పే తీరు). శిల్పంలోని తప్పొప్పులు ఎంచే ముందు వస్తువు ఏదో తేలాలి. ఈ చిత్రానికి వస్తువు స్టేడియమా, వానా, ఎదురుచూపా, ఆ ముగ్గురి శ్రమా? తీసినవాడి మనసులో బహుశా నాలుగూ ఉన్నాయి. నాలుగింటినీ ఒకే ఫ్రేములోకి తెద్దామనుకున్నందువల్లే వీలైనంత వెడల్పుగా తీశాడు, అలా తీయడంతో నాలుగూ చిన్నబోయాయి. ఈ చిత్రంలో మొదటి లోపం వాలు కాదు, ఎంపిక లేకపోవడం. వాలును తర్వాత అరక్షణంలో సరిచేయవచ్చు. ఎంపికను ఏ యాపూ తర్వాత చేసిపెట్టదు.

ఎందుకు చిన్నబోయాయో లెక్క కడితే స్పష్టంగా తెలుస్తుంది. ఫోనులో ప్రధాన కెమెరా సాధారణంగా పాతకాలపు ఫిల్ము కెమెరా లెక్కలో సుమారు 26 మిల్లీమీటర్ల లెన్సుకు సమానం. అడ్డంగా పట్టుకున్నప్పుడు ఆ లెన్సు ఎంత దూరంలో ఉన్నదాన్ని చూస్తే ఫ్రేము ఎత్తులోకి దాదాపు అంత ఎత్తైన దృశ్యం వచ్చి కూర్చుంటుంది. అంటే పిచ్ 90 మీటర్ల దూరంలో ఉంటే అక్కడ 90 మీటర్ల ఎత్తు ఫ్రేములో పడుతుంది. కవరు లాగుతున్న మనిషి ఎత్తు 1.7 మీటర్లు అనుకుంటే అతడు ఫ్రేము ఎత్తులో దాదాపు యాభయ్యో వంతు ఉంటాడు. ఎత్తున 3,024 పిక్సెళ్లు ఉన్న చిత్రంలో అతడి వాటా 57 పిక్సెళ్లు. ఫోను తెర మీద అది బియ్యపు గింజంత కూడా కాదు. కంటికి మాత్రం తీసేటప్పుడు అతడు అలా కనిపించలేదు, ఎందుకంటే కన్ను అతడి మీదే దృష్టి నిలిపి మిగతా మైదానాన్ని పక్కకు నెట్టేసింది. కన్ను చేసిన ఆ ఎంపికను లెన్సు చేయదు. తీసినవాడికి గుర్తున్న దృశ్యానికీ, తీసిన చిత్రానికీ మధ్య అగాధం పుట్టేది ఇక్కడే.

వాన సంగతి ఇంకా విచిత్రం. పెద్ద వానచినుకు దాదాపు సెకనుకు 9 మీటర్ల వేగంతో పడుతుంది. కెమెరాలోకి వెలుతురును వదిలే షట్టరు సెకనులో అరవయ్యో వంతు తెరుచుకుంటే ఆ కాస్త వ్యవధిలో చినుకు 15 సెంటీమీటర్లు జారి ఒక గీతగా నమోదు కావాలి. కానీ ఆ చినుకు 90 మీటర్ల అవతల పిచ్ మీద పడుతోందంటే, పై లెక్క ప్రకారం దాని గీత పొడవు 5 పిక్సెళ్లు, వెడల్పు ఒక పిక్సెల్‌లో పదో వంతు. అంటే అది ఉన్నా లేనట్టే. దూరంలోని వాన గీతలుగా కనిపించదు, పల్చని పొగలా, ఎదుటి స్టాండ్ రంగులను వెలవెలబోయేలా చేసే తెరలా మాత్రమే కనిపిస్తుంది. అదే చినుకు కెమెరాకు 3 మీటర్ల దూరంలో పడితే గీత పొడవు 150 పిక్సెళ్లు, వెడల్పు 3 పిక్సెళ్లు అవుతుంది. అది కంటికి ఆనుతుంది. కాబట్టి వానను గీతలుగా చూపాలంటే దగ్గరి వాననే చూపగలం, అదీ దాని వెనుక చీకటి ఉండి, వెలుతురు ఎదుటివైపు నుంచి దాని గుండా మనవైపు వస్తున్నప్పుడు. చినుకు తన గుండా పోయే కాంతిని చాలావరకు ముందుకే వంచి పంపుతుంది, అందుకే ఫ్లడ్‌లైటుకు ఎదురుగా నిలిచి చూసినవారికి వాన వెండితీగల్లా కనిపిస్తుంది, ఫ్లడ్‌లైటుకు వీపు పెట్టి చూసినవారికి కనిపించదు.

మన చిత్రంలో పై సగాన్ని ఆక్రమించింది లేత బూడిదరంగు ఆకాశం. లేత నేపథ్యం మీద లేత చినుకులు కనిపించే అవకాశం ఏ మాత్రం లేదు. వాన పైనుంచి వస్తుంది కనుక వానను చూపాలంటే ఆకాశాన్ని చూపాలని అనిపించడం సహజం, అయితే వాన కనిపించనిచోటు ఏదైనా ఉంటే అది ఆకాశమే. దానికి సగం ఫ్రేము ఇవ్వడమంటే ఏమీ లేనిదానికి సగం ఇల్లు అద్దెకిచ్చినట్టు. పైగా కొత్త ఫోన్లు ఒక్క నొక్కుకు చాలా చిత్రాలు వరసగా తీసి వాటిని కలిపి ఒకటి చేస్తాయి. ఒక చిత్రంలో ఉండి పక్క చిత్రంలో లేని గీతలను ఆ కలిపే ప్రక్రియ మచ్చలుగా భావించి చెరిపేసే అవకాశం ఉంది. అలా ఉన్న కొద్దిపాటి వాన కూడా జారిపోతుంది.

మరి వాన ఎక్కడ ఉంటుంది? తాకిన వస్తువుల్లో ఉంటుంది. మన అలంకారశాస్త్రం వాచ్యం (నేరుగా చెప్పడం), ధ్వని (సూచనగా చెప్పడం) అని చేసిన విభజన ఈ విషయంలో ఎంతో సాయపడుతుంది. చినుకును చినుకుగా చూపడం వాచ్యం. ముందువరసలో ఒకాయన తలకు కప్పుకున్న ప్లాస్టిక్ కవరు, నీరు కారుతున్న ఖాళీ కుర్చీ, నీటిని పీల్చే యంత్రం సూపర్ సాపర్ వెనక గడ్డి మీద మిగిలిన దాని చారలు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచిన గ్రౌండ్ సిబ్బంది, ఇవన్నీ వానను చెప్పకుండా చెబుతాయి. స్టేడియంలో ఆట ఆగిన వేళ ధ్వనికి కొదవ లేదు. మన చిత్రంలోనే అలాంటివి రెండు ఉన్నాయి: పసుపుపచ్చ గొడుగు, కవరు మీది ప్రతిబింబం. రెండూ అంచుల్లోకి నెట్టివేయబడ్డాయి. చిత్రానికి ప్రాణమైనవి మూలల్లో, ప్రాణం లేని ఆకాశం నడిమధ్యన. ఔచిత్యం అనే మాటకు అర్థం ప్రతిదీ తనకు తగిన చోట ఉండడమే అయితే, ఈ చిత్రం ఆ ఔచిత్యాన్ని తలకిందులు చేసింది.

ప్రతిబింబం గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే వానచిత్రాల్లో అంతటి సంపద మరొకటి లేదు. తడి గడ్డి అద్దం కాదు. నీరు గడ్డిపోచల మధ్యకు ఇంకిపోతుంది, వెలుతురు చెదిరిపోతుంది. కవరు మాత్రం నున్నని పరదా. దాని మీద పల్చగా నిలిచిన నీరు మైదానం మొత్తానికి దొరికే ఏకైక పెద్ద అద్దం. నీటిని నిట్టనిలువుగా పైనుంచి చూస్తే అది పడిన కాంతిలో దాదాపు 2 శాతాన్నే తిప్పి పంపుతుంది, చూపు నేలకు సమాంతరం అయ్యేకొద్దీ ఆ వాటా వేగంగా పెరుగుతుంది. కాబట్టి పై అంతస్తు నుంచి చూసేవారికి కవరు మీద మెరిసేవి ఎక్కువగా ఫ్లడ్‌లైట్లు, ఎత్తైన ఆకాశం. కింది అంతస్తులో, బౌండరీ పలకల ఎత్తులో కూర్చున్నవారికి ఎదుటి స్టాండ్ మొత్తం, దాని రంగుల కుర్చీలతో సహా, ఆ నీటిలో తలకిందులుగా కనిపించవచ్చు. టికెట్టు ధర ఆటను చూసే కోణాన్ని నిర్ణయించినట్టే ప్రతిబింబాన్నీ నిర్ణయిస్తుంది. పై అంతస్తువారు నిరాశపడాల్సిన పని లేదు. వాళ్ల అద్దంలో దృశ్యాలు తక్కువ, దీపాలు ఎక్కువ. ముదురు నేపథ్యం మీద ఆ దీపాల వరస తానే ఒక కూర్పు అవుతుంది.

ఈ అద్దం ఎంతసేపు ఉంటుందన్నది మైదానాన్ని బట్టి ఉంటుంది. బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో నేల అడుగు నుంచి నీటిని యంత్రంతో లాగేసే ఏర్పాటు 2017 నుంచి ఉంది; అక్కడ ఔట్‌ఫీల్డ్ మీద నీరు నిలవడమే తక్కువ. కవర్ల మీది నీరు ఎక్కడైనా చాలావరకు సిబ్బంది చేతుల మీదుగానే పోవాలి. వాళ్లు ఒక అంచు పట్టుకుని కవరు ఎత్తగానే నీరంతా ఒక్కసారి అలలా రెండో అంచుకు పరుగెత్తే క్షణం ఒకటి ఉంటుంది. వానవేళ స్టేడియంలో ఆటకు సాటివచ్చే కదలిక అదొక్కటే. మన ఛాయాగ్రాహకుడు ఆ క్షణానికి ముందో తర్వాతో తీశాడు. చిత్రంలో సిబ్బంది ముగ్గురూ చేతులు వేలాడేసి నిలబడి ఉన్నారు. ఇంకో పది నిమిషాలు ఫోను చేతిలో ఉంచుకుని ఎదురుచూసి ఉంటే దొరికేదేమో. ఆట ఆగిపోయింది కాబట్టి తీయడానికి ఏమీ లేదన్న భావన చాలా మందిలో ఉంటుంది, నిజానికి అప్పుడే మైదానంలో మనుషులు బరువు మోస్తారు, పరుగెత్తుతారు, జారుతారు.

వానలో తీసిన క్రీడాచిత్రాల్లో ప్రపంచమంతా గుర్తుంచుకున్నది ఒకటుంది. 1956లో లండన్ స్టాంఫర్డ్ బ్రిడ్జి మైదానంలో చెల్సీపై ఆడుతున్న ప్రెస్టన్ నార్త్ ఎండ్ ఆటగాడు టామ్ ఫిన్నీ నీళ్లు నిలిచిన నేల మీద బంతి కోసం జారుతూ వెళ్లినప్పుడు తీసినది. ఆ ఏటి ఉత్తమ క్రీడాచిత్రంగా దానికి బహుమతి వచ్చింది, 2004లో ప్రెస్టన్‌లోని డీప్‌డేల్ మైదానం బయట ఆ చిత్రం ఆధారంగానే ఫిన్నీ విగ్రహం కూడా నిలిపారు. ఆ చిత్రంలో చూసినవారిని కట్టిపడేసేది పడుతున్న వాన కాదు, పడి నిలిచిన నీరు ఆటగాడి దేహం తాకి రెక్కలా పైకి లేవడం. ఆకాశానికి అందులో పని లేదు, స్టేడియం ఆకారానికీ లేదు. ఒక మనిషి, ఒక నేల, వాటి మధ్య నీరు. గ్యాలరీలోని ప్రేక్షకుడు మైదానం అంచుకు వెళ్లలేడు, పెద్ద కెమెరాలూ పొడవాటి లెన్సులూ ప్రేక్షకులను సాధారణంగా లోపలికి తీసుకురానివ్వరు. అందువల్ల ఆ చిత్రాన్ని కొలబద్దగా చూపి ఔత్సాహికుడిని చిన్నబుచ్చడం అన్యాయం. అయితే అందులోని ఎంపికను అరువు తెచ్చుకోవడానికి ఏ పాసూ అక్కర్లేదు.

ఇక శిల్పానికి సంబంధించిన లోపాలు. పైకప్పు అంచు ఫ్రేమును నడిమికి కోయడం వాటిలో మొదటిది. ఫ్రేమును అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి ముఖ్యమైన గీతలను ఆ భాగాల సరిహద్దుల మీద ఉంచమని చెప్పే మూడో వంతు సూత్రం అందరికీ తెలిసిందే. జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండు చిత్రకారుడు 1797లో దీన్ని సూత్రంగా రాశాడు. అంటే ఛాయాచిత్రకళ పుట్టకముందే, ప్రకృతి దృశ్యాల చిత్రలేఖనం కోసం. సూత్రాన్ని గుడ్డిగా పాటించడం కన్నా అది ఎందుకు పనిచేస్తుందో తెలుసుకోవడం మేలు. రెండు సమానమైన సగాలు కనిపిస్తే కన్ను ఏది ముఖ్యమో తేల్చుకోలేక ఊగిసలాడుతుంది. ఒకటి రెండింతలైతే తేలికగా తేల్చుకుంటుంది. మన చిత్రంలో అంచును పై మూడో వంతుకు జరిపితే మైదానానికి ఆకాశం కన్నా రెండింతలు చోటు వస్తుంది, వస్తువు మైదానమని చిత్రం స్వయంగా చెబుతుంది. సరిసమాన విభజన ఎప్పుడూ తప్పని కాదు. కింది అంతస్తు నుంచి ఎదుటి స్టాండునూ, కవరు మీద దాని పూర్తి ప్రతిబింబాన్నీ తీసేవాడు గీతను నడిమధ్య ఉంచడమే సరి, అక్కడ రెండు సగాలూ ఒకదానికొకటి జవాబు చెబుతాయి. ఆకాశానికీ మైదానానికీ మధ్య అలాంటి సంభాషణ ఏదీ ఇక్కడ లేదు.

వాలు విషయంలో ఒక మెలిక ఉంది, చాలా విమర్శలు దాన్ని గమనించవు. సముద్రతీరంలో క్షితిజరేఖ కచ్చితంగా అడ్డంగా ఉంటుంది కాబట్టి దాన్ని బట్టి చిత్రాన్ని సరిచేయవచ్చు. స్టేడియం గిన్నెలాంటిది. ఎదుటి స్టాండ్ అంచు మనకు నేరుగా ఎదురుగా ఉన్నచోట మాత్రమే అడ్డంగా కనిపిస్తుంది. పక్కలకు పోయేకొద్దీ మనవైపు తిరిగి, దగ్గరై, పెద్దదై, వంకర తిరుగుతుంది. తీసినవాడు కాస్త పక్కకు కూర్చున్నాడు కాబట్టి అతడి ఫ్రేములో ఆ అంచు ఫోను నిటారుగా పట్టుకున్నా వాలుగానే వస్తుంది. దాన్ని బలవంతంగా అడ్డం చేస్తే ఫ్లడ్‌లైట్ స్తంభాలు పక్కకు ఒరుగుతాయి. సరైన ఆధారం ఫ్రేము మధ్యకు దగ్గరలో ఉన్న నిలువు గీత: సైట్‌స్క్రీన్ (బ్యాటరుకు బంతి స్పష్టంగా కనిపించేలా బౌండరీ దగ్గర నిలిపే తెర) అంచు కావచ్చు, స్తంభం కావచ్చు. అంచుల దగ్గరి స్తంభాలను ఆధారంగా తీసుకోకూడదు, ఫోనును కిందికి వంచి తీసినప్పుడు అవి బయటికి వాలినట్టు కనిపించడం లెన్సు సహజ ధర్మం. మన చిత్రంలో కుడి స్తంభం నడిమికి దగ్గరగా ఉండి కూడా ఎడమకు ఒరిగింది కనుక అది నిజమైన వాలే.

అడుగున ఉన్న తలలు, ఎత్తిన ఫోను గురించి అభిప్రాయాలు రెండు రకాలుగా ఉంటాయి. అవి అడ్డు అనేవారు కొందరు, ముందుభాగం ఉంటేనే లోతు వస్తుందనేవారు మరికొందరు. లోతు వస్తుందన్నది నిజమే: దగ్గర ఉన్న పెద్ద ఆకారం, దూరంలోని చిన్న ఆకారం కలిసినప్పుడే మధ్యలోని దూరం కంటికి అందుతుంది. కానీ ఇక్కడ తలలు నిండుగానూ లేవు, పూర్తిగా లేకుండానూ పోలేదు. నుదుటి దగ్గర తెగిన తలలు, మణికట్టు దగ్గర తెగిన చెయ్యి. ఇలా తెగిన ముక్కలు ముందుభాగం కావు, అంచున పేరుకున్న చెత్త. వాటిని తీసుకుంటే నిండుగా తీసుకోవాలి, లేదా లేచి నిలబడి, ఫోను కాస్త పైకెత్తి, పూర్తిగా తప్పించాలి. పసుపుపచ్చ గొడుగును మాత్రం తప్పించకూడదు. మబ్బుపట్టిన సాయంత్రం రంగులన్నీ బూడిదలోకి జారిపోయినప్పుడు ఒక్క వెచ్చని రంగు ఫ్రేములో ఉంటే కన్ను దాని దగ్గరే మొదలవుతుంది. అంచున ఉన్న వెచ్చని రంగు కంటిని ఫ్రేము బయటికి లాగుతుంది, అదే గొడుగు కింది మూడో వంతులో, కాస్త ఎడమకు, మొత్తంగా ఉండి ఉంటే చూపు అక్కడ మొదలై కవర్ల మీదుగా ప్రతిబింబం దాకా నడిచేది. రంగు ఒకటే, గొడుగు ఒకటే. నాలుగడుగులు పక్కకు జరిగితే దాని పని మారిపోయేది.

వెలుతురును గురించి క్లుప్తంగా: ఫ్లడ్‌లైట్లు రెండూ తెల్లని ముద్దలుగా పేలిపోయాయి, కవర్ల మీది నీటి చారలు వెలిసిపోయాయి. ఫోను దృశ్యం మొత్తానికి సగటు కట్టి వెలుతురును నిర్ణయించినప్పుడు మైదానంలోని ముదురు భాగాలను బతికించబోయి తెల్లని వాటిని బలిచేసింది. తెర మీద కవరును తాకి, ఎక్స్‌పోజరును (చిత్రంలోకి వచ్చే వెలుతురు మోతాదును) కొద్దిగా కిందికి దించి ఉంటే ఆకాశం ముదిరేది, నీటి మెరుపు నిలిచేది, చీకటిగా మారిన స్టాండుకు ముందు దగ్గరి చినుకులు కూడా కొన్ని గీతలుగా తేలేవి. వానచిత్రం కాస్త చీకటిగా ఉండడం లోపం కాదు.

వానలోనూ రకాలున్నాయి, తెలుగులో వాటికి వేర్వేరు పేర్లూ ఉన్నాయి. తుంపరకు కెమెరాలో ఆకారం లేదు. దాన్ని తడిసిన వస్తువులతోనే చూపాలి. ముసురు గంటలు గడిచినా తగ్గదు, దాని అసలు గుణం విసుగు. దాన్ని చూపడానికి గ్యాలరీలోని మనుషుల భంగిమలే దారి: మోచేతుల మీద వాలిన తలలు, స్కోరుబోర్డు వైపు తిరిగిన ముఖాలు. జోరువాన ఒక్కటే గీతలుగా దొరుకుతుంది, అదీ ఐదు పది నిమిషాలు. మన చిత్రం తీసిన వేళ పడుతున్నది ముసురని ఖాళీ కుర్చీలను బట్టి ఊహించవచ్చు, ఎందుకంటే జోరువానకు జనం పైకప్పు కిందికి పరుగెత్తి మళ్లీ వస్తారు, ముసురుకు మెల్లగా ఇళ్లదారి పడతారు. ముసురుకు జోరువాన కూర్పు చేయబోవడం కూడా ఈ చిత్రం తడబడడానికి ఒక కారణం. మొదట్లో చెప్పిన 2024, 2025 నాటి తేడా కూడా ఇక్కడే దొరికేది: వాన ఆగకూడదని కోరుకునే ముఖం వేరు, ఆగాలని కోరుకునే ముఖం వేరు. ఆ సంగతి ఆకాశానికి తెలియదు, గ్యాలరీకి తెలుసు. కెమెరాను మైదానం వైపు నుంచి పక్క వరస వైపు తిప్పడానికి చాలామందికి మనసొప్పదు, డబ్బు పెట్టి కొన్న దృశ్యం మైదానం కదా అనిపిస్తుంది. ఆ తొంభై మీటర్ల అవతలి దృశ్యం కన్నా మూడు మీటర్ల దూరంలోని మనిషిని ఈ లెన్సు ముప్పై రెట్లు పెద్దగా చూపగలదన్నది కూడా పై లెక్కలోనే ఉంది. ముఖాలు తీసేటప్పుడు వాళ్ల అనుమతి అడగడం మర్యాద, పిల్లలైతే తప్పనిసరి.

ఇప్పటికే తీసిన ఈ చిత్రాన్ని కాపాడుకోవడానికి ఏమైనా ఉందా? ఉంది. 1932లో పారిస్‌లో సాంలజార్ రైల్వే స్టేషను వెనుక నీటిగుంట మీదుగా దూకుతున్న మనిషిని కంచె సందులోంచి తీసిన ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు అన్రీ కార్తియే బ్రెసోఁ, తీశాక కత్తిరించడాన్ని అంతగా ఇష్టపడనివాడై ఉండి కూడా, ఆ చిత్రాన్ని అంచులు కత్తిరించే లోకానికి చూపాడు. అవసరమైనచోట కత్తిరింపుకు సిగ్గుపడనక్కర్లేదు. మన చిత్రాన్ని ముందు నిలువు స్తంభం ఆధారంగా నిటారు చేయాలి. తర్వాత ఆకాశాన్ని ఎదుటి స్టాండ్ పైకప్పు దాకా పూర్తిగా తీసేయాలి. కింద తలల వరసనూ తీసేయాలి. గొడుగు అంచు కూడా పోతుంది, అది సగమే ఉంది కాబట్టి పోనివ్వాల్సిందే. ఎడమ స్తంభం ఎలాగూ తెగినదే, దాన్ని మొత్తంగా వదిలేయాలి. మిగిలేది ఒక పొడవాటి పట్టీ: పైన చీకటి స్టాండ్, కింద కవర్లు, ఎడమ మూడో వంతులో ముగ్గురు మనుషులు, కుడిచివర ప్రతిబింబం. ఆ ప్రతిబింబం కుడి అంచుకు తెగే ఉంటుంది, అయినా ఇప్పుడు అది తప్పిపోయినదానిలా కాక, ముగ్గురికీ ఎదురుగా నిలిచిన వెలుగులా కనిపిస్తుంది. ఫ్లడ్‌లైటు ఫ్రేములో లేదు. దాని వెలుగు నీటిలో మాత్రమే ఉంది. వాన పడిందని ఇప్పుడు ఎవరూ చెప్పాల్సిన పని ఉండదు.

ఈ కత్తిరింపుకు ఖర్చు ఉంది. 4,032 పిక్సెళ్ల వెడల్పులో మిగిలేది సుమారు 2,400. ఫోను తెరకూ, కంప్యూటరు తెరకూ అది ధారాళంగా సరిపోతుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చు వేయిస్తే 8 అంగుళాల వెడల్పు వస్తుంది, గోడకు పెద్ద పటం కట్టించడానికి చాలదు. పిక్సెళ్లకన్నా పెద్ద నష్టం ఇంకొకటి: స్కోరుబోర్డు పోయింది, స్టేడియం గుండ్రని ఆకారం పోయింది, అది ఉప్పల్ అని గుర్తుపట్టే ఆనవాళ్లు దాదాపు ఏవీ మిగలలేదు. ఆ సాయంత్రం తాను అక్కడ ఉన్నానని చెప్పుకోవడానికే చిత్రం తీసినవాడికి ఈ నష్టం చిన్నది కాదు. అలాంటివారు రెండు ప్రతులూ ఉంచుకోవడం మంచిది: మొదటిది కుటుంబానికి, కత్తిరించినది వాన కోసం. ఏ తేదీ అన్న వివరం ఫోను ఫైలులోనే ఉంటుంది, ఏ మ్యాచో దాన్ని బట్టి తెలుసుకోవచ్చు, ఆ భారాన్ని చిత్రం మోయనక్కర్లేదు.